ఐరన్ మాత్రకు వేళ ముఖ్యం

గర్భిణి రక్తంలో హిమోగ్లోబిన్ డెసిలీటరుకు 11 గ్రాముల కంటే తగ్గితే రక్తహీనతగా పరిగణిస్తారు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశ గర్భిణుల్లో 52.2 శాతం మందికి ఈ సమస్య ఉంది. దీనివల్ల నెలలు నిండకముందే కాన్పయ్యే ముప్పు పెరుగుతుంది. కాన్పులో రక్తస్రావమైతే తల్లి ప్రాణానికే ప్రమాదం.

అందుకే నాలుగో నెల నుంచి రోజుకొకటి చొప్పున 180 రోజులు ఐరన్, ఫోలిక్ యాసిడ్ మాత్రలు ఇస్తారు. అయితే టీ, కాఫీల్లోని పాలీఫినాల్స్ ఇనుమును పట్టేసుకుని, పేగులు గ్రహించకుండా చేస్తాయి. కాల్షియం మాత్ర కూడా అడ్డుపడుతుంది. వీటికీ ఐరన్ మాత్రకూ రెండు గంటల ఎడం ఉండాలి. తోటకూర, పప్పుల్లోని ఇనుము ఒంటబట్టాలంటే విటమిన్ సి ఉన్న నిమ్మ, ఉసిరి, జామ తోడవ్వాలి. మాత్రల వల్ల మలం నల్లబడటం మామూలే, భయపడి మానేయకూడదు.