మా బండి మూలప్రతి

తెలుగు పాఠాలు చెప్పుకునేవాడికి ఇంజను సంగతులెందుకని మీరు అడగవచ్చు. మా ఆవిడా అదే అడిగింది. జవాబు చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి.

మా కాపురం కరీంనగరులో, నా ఉద్యోగం ఆదిలాబాదులో. శనివారం సాయంత్రం నిర్మల్, జగిత్యాల మీదుగా ఇల్లు చేరడం, సోమవారం తెల్లవారకముందే తిరుగు ప్రయాణం. ఒక్కొక్క దారి సుమారు 200 కిలోమీటర్లు. బస్సులు మారి మారి విసిగి, రెండేళ్ళ కిందట అప్పుచేసి ఒక పాత కారు కొన్నాను. 1.2 లీటర్ల చిన్న పెట్రోలు ఇంజను. దానికొక టర్బో వుంది. చలికాలం ఉదయాన గుర్రంలా పోతుంది. మే నెల మధ్యాహ్నం పిల్లలను, పెట్టెలను ఎక్కించుకుని, ఏసీ వేసుకుని, నిర్మల్ దాటి మహబూబ్ ఘాటు ఎక్కేటప్పుడు మాత్రం ముందున్న పత్తి లారీని దాటమంటే మొరాయిస్తుంది.

ఈ మాట మా మేనల్లుడి చెవిని పడింది. ఇంజనీరింగు చదివినవాడు. లాప్‌టాప్ చంకన పెట్టుకుని దిగాడు.

"మామా, సాఫ్ట్‌వేర్ మారిస్తే నీ బండికి ముప్పై గుర్రాల బలం పెరుగుతది. ఫైలు నా దగ్గర్నే ఉన్నది. పావుగంటల ఎక్కిస్త."

ముప్పై గుర్రాలు! అదీ పావుగంటలో! నా ప్రాణం లేచి వచ్చింది. మా ఆవిడ కాఫీ గ్లాసు చేతికిస్తూ, "ఇంతకీ ఆ ఫైలు ఎవరి బండి కోసం రాసింది?" అంది.

వాడు తల గోక్కున్నాడు. ఇంటర్నెట్‌లో దొరికిందట. కాస్త గట్టిగా అడిగితే మరో సంగతి కూడా బయటపడింది. వాడి స్నేహితుడొకడు ఇలాగే ఎవరిదో ఫైలు ఎక్కించుకుంటే, నాలుగో నెలలో పిస్టన్ పగిలిందట. ఇంజను బాగుచేయించడానికి తల్లి గాజులు కుదువపెట్టారట. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందన్న సామెత ఊరికే పుట్టలేదు. నా అప్పింకా మూడేళ్ళుంది. పావుగంట పనిని వాయిదా వేసి, నెల రోజులు ఈ విద్య గురించి చదివాను. చదివింది మీతో పంచుకోవడమే ఈ వ్యాసం పని.

టర్బో అంటే మరేమీ కాదు. పొగగొట్టంలోంచి వృథాగా పోయే వేడి వాయువుతో ఒక చక్రం తిప్పి, దాని సాయంతో ఇంజనులోకి అదనంగా గాలి దూర్చడం. స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ బూఖి 1905లోనే దీనికి పేటెంటు పొందాడు. ఆ చక్రం నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరుగుతుంది. గాలి ఎక్కువైతే పెట్రోలు ఎక్కువ కాల్చవచ్చు, బలం పెరుగుతుంది. చిక్కల్లా ఎక్కడంటే, గాలిని నొక్కితే వేడెక్కుతుంది. వేడి మితిమీరితే, మంట క్రమంగా వ్యాపించేలోపలే మిగిలిన పెట్రోలు తనంతట తాను భగ్గుమంటుంది. దీన్నే నాకింగు అంటారు. పిస్టన్లను పగలగొట్టే దొంగదెబ్బ ఇదే.

ఇది కొత్త బెడద కాదు. 1962లో అమెరికాలో వచ్చిన ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్ కారులో నాకింగు రాకుండా నీళ్ళూ మిథనాలూ కలిపిన ద్రవాన్ని ఇంజనులోకి చిమ్మేవారు. ఆ తొట్టి నింపడం యజమానులు మరిచిపోయేవారు. చివరికి చాలా బండ్లకు టర్బో పీకేసి మామూలు కార్బురేటరు బిగించవలసి వచ్చింది.

ఇప్పుడా కాపలా పని ఈసీయూ అనే చిన్న కంప్యూటరు చేస్తున్నది. దాని కడుపులో ఎక్కాల పుస్తకంలాంటి పట్టికలుంటాయి. ఇంజను ఇంత వేగంలో, ఇంత బరువు మీద వుంటే గాలి ఒత్తిడి ఎంత, పెట్రోలు ఎంత, నిప్పురవ్వ ఎప్పుడు అన్న లెక్కలన్నీ అందులోనివే. గాలి వేడెక్కితే నిప్పురవ్వను కాస్త ఆలస్యం చేసి ఇంజనును కాపాడుతుంది. అంటే 45 డిగ్రీల ఎండలో మా బండి మొరాయించడం కొంతవరకు సోమరితనం కాదు, ఆత్మరక్షణ! ట్యూనింగు అంటే ఈ పట్టికలను దిద్దడమే.

మరి దిద్దే సాఫ్ట్‌వేరు ఏది కొనాలి? అంగట్లో రకాలు చాలా వున్నాయి. కాబ్ యాక్సెస్‌పోర్ట్, హోండేటా ఫ్లాష్‌ప్రో వంటివి కొన్ని ఎంపికచేసిన కార్లకే. వాటిలో సిద్ధంగా వున్న పట్టికలు ఎక్కించుకోవచ్చు. ఈక్యూటెక్, హెచ్‌పీ ట్యూనర్స్ వంటివాటిలో పట్టికలను మన బండికి తగినట్లు దిద్దవచ్చు. ఒక్కొక్క బండికి విడిగా లైసెన్సు కొనాలి. మెగాస్క్వర్ట్, హాల్‌టెక్ వంటివి అసలు కంప్యూటరునే మార్చేస్తాయి. అవి పందెపు బండ్లకు తగినవి. పిగ్గీబ్యాక్ పెట్టెలని మరో రకం వుంది. అవి కంప్యూటరు జోలికి పోకుండా సెన్సారు కబుర్లను మార్చి చెబుతాయి. మన దేశపు చిన్న టర్బో కార్లకు చాలావరకు ట్యూనింగు దుకాణంవారే ఈసీయూలోని ఫైలు తీసి, విన్‌ఓఎల్‌ఎస్ వంటి దానిలో దిద్ది, తిరిగి ఎక్కిస్తారు. అప్పుడు మీరు ఎంచుకునేది సాఫ్ట్‌వేరును కాదు, మనిషిని.

ఇక్కడే నా తెలుగు చదువు అక్కరకొచ్చింది. తాళపత్రాలు పరిష్కరించేవాడు మూలప్రతిని ముట్టుకోడు. నకలు రాసుకుని దాన్ని దిద్దుతాడు. వెనకటి లేఖకులు 32 అక్షరాలు ఒక గ్రంథమని లెక్కగట్టి, ఇన్ని గ్రంథాలని చివర రాసేవారు. ఒక పత్రం జారిపోతే తెలిసిపోయేది. ఈసీయూ ఫైలుకూ చెక్‌సమ్ అని అటువంటి లెక్కే వుంది. అది తప్పితే బండి కదలకపోవచ్చు.

కనుక ఎవరి దగ్గరికి వెళ్ళినా అయిదు ప్రశ్నలు వేయండి. నా బండి ఈసీయూ నంబరుకు ఇది సరిపోతుందా? దిద్దకముందు మూలప్రతి తీసి నా చేతికిస్తారా? మళ్ళీ పాతస్థితికి తేగలరా? బండి నడుస్తుండగా ఒత్తిడి, వేడి, నాకింగు నమోదుచేసి చూపిస్తారా? రాసేటప్పుడు బ్యాటరీకి స్థిరమైన కరెంటు ఇస్తారా? మధ్యలో వోల్టేజి పడిపోతే కంప్యూటరు మూగబోయే ప్రమాదముంది. పెట్రోలు సంగతి కూడా అడగండి. ఐరోపాలో 98 ఆక్టేను పెట్రోలుకు రాసిన పట్టిక, 20 శాతం ఇథనాలు కలిసిన మన బంకు పెట్రోలుకు, మన ఎండకు నప్పదు. కంపెనీ వారంటీ పోవచ్చు. బీమావారికి చెప్పకపోతే పరిహారం దగ్గర పేచీ రావచ్చు. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలో బండి మార్పులను గురించిన 52వ సెక్షను వున్నదనీ మరువకండి.

నాలుగో ప్రశ్న పట్టుకుని, కరీంనగరులో మాకు తెలిసిన మెకానిక్ దగ్గరికి మామా అల్లుళ్ళం వెళ్ళాం. ఆయన స్కానరు తగిలించి, బండిని ఊరి బయటికి తీసుకుపోయి, నిండుగా నడిపి చూశాడు. తిరిగివచ్చి తెర మీద రెండు గీతలు చూపించాడు. కంప్యూటరు అడిగిన ఒత్తిడి ఒకటి, వచ్చిన ఒత్తిడి మరొకటి.

"సారూ, గాలి యాడనో లీకైతున్నది. ముందుగాల అది సూడాలె. సాఫ్ట్‌వేర్ ముచ్చట తర్వాత."

టర్బో నుంచి ఇంటర్‌కూలరుకు పోయే రబ్బరు గొట్టం కింది వైపున చీలివుంది. స్పార్కు ప్లగ్గులు కూడా అరిగిపోయాయి. మేనల్లుడి ముఖం పాలిపోయింది. ఆ ఫైలు ఎక్కించివుంటే, చిల్లు గొట్టంతోనే ఇంకా ఎక్కువ ఒత్తిడి తెమ్మని కంప్యూటరు ఆజ్ఞాపించేది. టర్బో తన శక్తికి మించి తిరిగేది. మా ఇంట్లోనూ గాజులు కుదువకు పోయేవే!

గొట్టం, ప్లగ్గులు మార్పించాం. మరుసటి వారం నలుగురమూ కూర్చుని ఘాటు ఎక్కాం. ఎండ అదే, ఏసీ అదే, పత్తి లారీ కూడా అటువంటిదే. బండి మెల్లగా కాదుగాని, మర్యాదగా దాటేసింది.

మేనల్లుడు లాప్‌టాప్‌లోని ఫైలు తనే చెరిపేశాడు. "మామా, ముప్పై గుర్రాలు పెరుగుతయన్న గని, ఉన్న గుర్రాలే కుంటుతున్నయని సూసుకోలే" అన్నాడు.

ఎప్పటికైనా ట్యూనింగు చేయించనని నేను ఒట్టు పెట్టుకోలేదు. చేయిస్తే, నా బండిని ముందు చదివి, మూలప్రతి నా చేతిలో పెట్టేవారి దగ్గరే చేయిస్తాను. పుస్తకం తెరవకుండా పరీక్ష రాసే పిల్లలను ఇరవై ఏళ్ళుగా మందలిస్తున్నాను. అదే పని నా కారుకు నేను చేయబోయానని మా ఆవిడ మాత్రం ఇంకా గుర్తుచేస్తూనే వుంది.