తాత లడాయికి పోయిండు – ఆ కాగితాలు ఎక్కడున్నయి?

"మా తాత జర్మనోళ్ల లడాయికి పోయిండు" అని మన ఊళ్లల్లో కొందరు చెప్తుంటారు. ఏ లడాయి? ఏ దేశం పోయిండు? ఎప్పుడు తిరిగొచ్చిండు? అని అడిగితే జవాబు ఉండదు. ఆ కాలం చూసినవాళ్లు ఇప్పుడు తక్కువ. వాళ్లతోపాటే ఆ ముచ్చట కూడా పోతున్నది.

మీకు ఇప్పుడు చదువు వచ్చింది. అంకెలు వచ్చినయి. ఆ ముచ్చటను కాగితం మీద నిలబెట్టే పని మీరే చేయవచ్చు. ఎట్లనో చూద్దాం.

ఏ లడాయి?

లోకమంతా కలిసి కొట్లాడిన యుద్ధాలు రెండు. మొదటిది 1914 నుంచి 1918 వరకు. రెండోది 1939 నుంచి 1945 వరకు. అప్పుడు దేశం ఇంగ్లీషువాళ్ల చేతిలో ఉండె. మన మంథని ప్రాంతం నిజాం రాజ్యంలో ఉండె. రెండో యుద్ధంలో మన దేశం వాళ్లు సుమారు 25 లక్షల మంది సైన్యంలో పనిచేశారు. సుమారు 87 వేల మంది ప్రాణాలు విడిచారు. పాకిస్తాన్, బంగ్లాదేశ్ అప్పుడు మన దేశంలోనే ఉండె. ఈ లెక్క అందరిదీ.

నిజాం రాజ్యం వాళ్లు రెండు తోవల్లో పోయారు. కొందరు నిజాం సొంత పటాలాల్లో చేరారు. కొందరు ఇంగ్లీషువాళ్ల సైన్యంలో చేరారు. నిజాం పటాలాలు కూడా దూర దేశాలు పోయినయి. మొదటి యుద్ధంలో హైదరాబాద్ గుర్రపు దళం పాలస్తీనా దాకా పోయింది. ఢిల్లీలో తీన్ మూర్తి దగ్గర మూడు సిపాయి బొమ్మలు ఉన్నాయి. వాటిలో ఒకటి ఆ దళానికి గుర్తు. 1941 డిసెంబరులో జపాను సైన్యం మలయా దేశం మీదికి వచ్చింది. అక్కడ కోటా బారు అనే ఊరిలో విమానాలు దిగే చోట హైదరాబాద్ పటాలం ఒకటి కాపలా ఉంది.

మొదట పెద్దవాళ్లను అడగండి

పెద్దవాళ్లకు సంవత్సరాలు గుర్తుండవు. సంగతులు గుర్తుంటాయి. "తాత పోయినప్పుడు పెద్దనాయన పుట్టిండా? పోలీసు చర్యకు ఎన్నేండ్ల ముందు తిరిగొచ్చిండు?" అని అడగండి. పోలీసు చర్య 1948 సెప్టెంబరులో జరిగింది. "మూడేండ్ల ముందు వచ్చిండు" అంటే 1945. అంటే రెండో యుద్ధం. చూశారా, లెక్క తేలింది. విన్నది విన్నట్టు రాసి పెట్టుకోండి.

తర్వాత సందుక తెరవండి

పాత సందుకలో వీటి కోసం చూడండి.

– గుండ్రని బిళ్ళ, లేదా ఆరు కొనల నక్షత్రం
– సైన్యం నుంచి విడిచినప్పుడు ఇచ్చిన పుస్తకం (డిశ్చార్జి బుక్కు)
– పింఛను కాగితం
– మిలటరీ బట్టల్లో దిగిన ఫొటో

బిళ్ళ దొరికితే చింతపండు పెట్టి తోమకండి. అక్షరాలు అరిగిపోతాయి. పాత సామాన్ల వాళ్లకు అమ్మకండి. దాన్ని ఎండ వెలుగులో పట్టుకొని మెల్లగా తిప్పండి. గుండ్రని బిళ్ళకు అంచు మీద, నక్షత్రానికి వెనుక చూడండి. సన్నగా చెక్కిన అంకెలు, అక్షరాలు కనబడతాయి. అక్షరాలు ఇంగ్లీషులో ఉంటాయి. అంకెలు మాత్రం మీరు నేర్చుకున్నవే. ఆ అంకెలే తాత సైనిక నంబరు. దాన్ని రాసుకోండి. అక్షరాలను బడి చదివే పిల్లలతో చదివించుకోండి. అందులో తాత పేరు, పటాలం పేరు ఉంటాయి.

పేరు కన్నా నంబరు ముఖ్యం. ఎందుకు? మల్లయ్యలు, రాజయ్యలు వందల మంది ఉంటారు. ఇంగ్లీషు గుమాస్తా ఒక్క పేరునే నాలుగు తీర్లుగా రాసేవాడు. ఒక పటాలంలో ఒక నంబరు ఒక్కరికే ఉంటుంది.

ఎక్కడ అడగాలి?

మొదట కరీంనగర్‌లోని సైనిక సంక్షేమ కార్యాలయానికి పోండి. ఏ పటాలం రికార్డు ఆఫీసు ఎక్కడుందో అక్కడ అడగండి. మద్రాసు రెజిమెంటు కేంద్రం నీలగిరి కొండల్లో వెల్లింగ్టన్‌లో ఉంది. మద్రాసు సాపర్లు అనే దళం కేంద్రం బెంగళూరులో ఉంది. ఇంగ్లీషువాళ్ల సైన్యంలో 'హైదరాబాద్ రెజిమెంటు' అని ఒకటి ఉండేది. 1945లో దాని పేరు కుమావూ రెజిమెంటుగా మారింది. దాని కేంద్రం ఉత్తరాఖండ్‌లోని రాణీఖేత్‌లో ఉంది. అది నిజాం పటాలం కాదు. రెంటినీ కలపకండి. నిజాం రాజ్యం పాత కాగితాలు హైదరాబాద్‌లో తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. వాటిలో చాలా ఉర్దూలో, ఫారసీలో ఉంటాయి.

తాత తిరిగి రాలేదా? అయితే కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ జాబితా చూడాలి. రెండు యుద్ధాల్లో చనిపోయిన సుమారు 17 లక్షల మంది పేర్లు అందులో ఉన్నాయి. ఫోన్‌లో ఇంటర్నెట్ ఉంటే పైసా లేకుండా వెతకవచ్చు. సమాధి లేనివాళ్ల పేర్లు రాళ్ల మీద చెక్కారు. అట్లాంటి రాళ్లు బర్మాలో, సింగపూర్‌లో ఉన్నాయి. ఆ జాబితాలో కొందరి పేరు పక్కన తండ్రి పేరు, భార్య పేరు, ఊరి పేరు కూడా ఉంటాయి. ఎదురుచూసి ఎదురుచూసి పోయిన ఏ అవ్వ పేరో అక్కడ ఉండొచ్చు. ఆమె పేరు ఇంకెక్కడా రాసి ఉండకపోవచ్చు.

ఉత్తరం ఇట్లా రాయండి

"అయ్యా,
మా తాత పేరు ……. ఆయన తండ్రి పేరు ……. సైనిక నంబరు ……. పటాలం ……. ఊరు ……, కరీంనగర్ జిల్లా, హైదరాబాద్ రాజ్యం. …… నుంచి …… వరకు పనిచేశారు. నేను ఆయన మనుమరాలిని. ఆయన సర్వీసు వివరాలు పంపగలరు."

ఇప్పుడు మంథని పెద్దపల్లి జిల్లాలో ఉంది. 2016లో మారింది. కాని తాత కాలం నాటి జిల్లా పేరు కరీంనగరే. అందుకే రెండూ రాయండి. బిళ్ళ, అసలు కాగితాలు పంపకండి. జిరాక్సులు పంపండి. కింద వేలిముద్ర వద్దు, మీ సంతకం పెట్టండి. స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి.

జవాబు రాకుంటే 2005 సమాచార హక్కు చట్టం కింద అడగండి. దరఖాస్తు తెలుగులో రాయవచ్చు. రుసుము 10 రూపాయలు. పేదరికపు గీత కింద ఉన్నవాళ్లకు అదీ లేదు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.

జాగ్రత్త!

"తాత పింఛను ఇప్పిస్తా, పైసలు ఇయ్యి" అనే దళారిని నమ్మకండి. లడాయి కాగానే ఇంటికి పంపిన సిపాయిలకు చాలామందికి పింఛను లేదు. దానికి 15 ఏండ్ల నౌకరి ఉండాలి. మనుమలకు, మనుమరాండ్లకు పింఛను రాదు. సిపాయి భార్య బతికి ఉంటే మాత్రం ఆమెకు సాయం ఏమైనా ఉందా అని సైనిక సంక్షేమ కార్యాలయంలో అడగండి.

కొన్ని పాత కాగితాలు ఇప్పుడు లేవు. "దొరకలేదు" అని జవాబు రావచ్చు. అయినా మీ పని వృథా కాదు. మీరు రాసుకున్న నంబరు, పెద్దవాళ్లు చెప్పిన ముచ్చట ఒక నోటుబుక్కులో ఉంటాయి. రేపు మీ పిల్లలు "మన తాత ఎవరు?" అని అడిగితే ఆ పుస్తకం చేతికియ్యండి.

మీరు చేయండి

1. మీ ఇంట్లో, వాడలో మిలటరీకి పోయినవాళ్లు ఎవరు? పేర్లు రాయండి.
2. పోలీసు చర్య ఏ సంవత్సరం జరిగింది?
3. బిళ్ళను ఎందుకు తోమకూడదు?
4. పైన ఉన్న ఉత్తరాన్ని మీ ఇంటి వివరాలతో నింపి, సంతకం పెట్టండి.