ఎదిగే వయస్సులో తెల్లమచ్చ

పదునాలుగేండ్ల బాలిక కనుకొలకున తెల్లమచ్చ కనిపించినచో ఇంటివారికి మొదట తోచునది కుష్ఠు భయము. ఇందుకు సగము కారణము పేరులోనే కలదు. బొల్లిని పూర్వులు శ్వేతకుష్ఠమనిరి; నేటికిని కొందరు తెల్లకుష్ఠు అనుచున్నారు. నిజమునకు ఈ రెండు వ్యాధులకు చుట్టరికము లేదు. కుష్ఠు సూక్ష్మజీవి వలన కలుగును. దాని మచ్చ పాలిపోయినట్లుండునేగాని పాలవలె తెల్లగా నుండదు, తరచు స్పర్శ కూడ తగ్గిపోవును. బొల్లి మచ్చపై స్పర్శ చెడదు. వైద్యుడు దూదిపోగుతో తాకి చూచినచో ఈ భేదము చాలవరకు తేలిపోవును. (కుష్ఠును సైతము నేడు మందులతో పూర్తిగా నయము చేయవచ్చును. అయినను 2019 వరకు అది మన వివాహచట్టములలో విడాకులకు హేతువుగా నిలిచియుండెను!)

చర్మమునకు రంగునిచ్చు కణములను శరీరరక్షణ వ్యవస్థయే శత్రువులని భ్రమించి నశింపజేయుట వలన బొల్లి కలుగును. ఇది అంటువ్యాధి కాదు. బడిలో పిల్లను వేరుగా కూర్చుండబెట్టుట అన్యాయము. చేపలు తిని పాలు త్రాగుటచే వచ్చుననుట వట్టిమాట. బొల్లి కలవారిలో ఇంచుమించు సగముమందికి 20 ఏండ్లలోపుననే ఆరంభమగును. అందు అరుదైన రకమొకటి శరీరమునకు ఒక ప్రక్కనే పట్టీవలె వచ్చును. కనుబొమలు, రెప్పవెంట్రుకలు సైతము నెరయవచ్చును. ఇది మొదట వేగముగా వ్యాపించి, సాధారణముగా ఒకటి రెండేండ్లలో నిలిచిపోవును. అట్లు నిలిచిన మచ్చపై తొడచర్మమునుండి తీసిన పలుచని పొరను అతికించు శస్త్రచికిత్స చక్కగా ఫలించును.

నుదుట బొట్టు పెట్టుచోటనే మచ్చ ఏర్పడినచో అంటించుకొను బొట్టుబిళ్లను అనుమానింపవలెను. దాని జిగురులోని కొన్ని రసాయనములు రంగుకణములను చంపును. రబ్బరు చెప్పుల పట్టీల క్రిందను ఇట్లే జరుగుచుండును.

ఇక బావంచాల మాట. ఆ గింజలు నూరి పూసి ఎండలో నిలుపుట పాతవైద్యము. అది నిరాధారము కాదు. వానిలోని సోరాలెన్ అను పదార్థము వెలుతురుతో కలిసి రంగును పుట్టించును. కాని ఇంటిలో మోతాదు తెలియక చర్మము కాలి బొబ్బలెక్కును, గాయపడినచోట క్రొత్త మచ్చ లేచును. ఆసుపత్రిలో పూతమందులు, కొలతప్రకారమిచ్చు అతినీలలోహిత కిరణ చికిత్స లభించును. ముఖముపై మచ్చలు బాగుగా లొంగును. పెదవులు, వ్రేళ్ల కొనలు కష్టము. ఫలితమునకు నెలలు పట్టును. తొందరపడి మానివేయువారే ఎక్కువ. రంగు తిరిగివచ్చునపుడు మొదట వెంట్రుకల కుదుళ్లవద్ద చిన్న చిన్న చుక్కలుగా కనిపించును.