లోహపు నురుగు

చెట్టు నుండి రాలిన కొబ్బరికాయ అరుదుగా పగులును. పైనున్న పీచు తాను నలిగి, లోపలి టెంకను కాపాడును. మిక్కిలి బరువైన వస్తువులను కాపాడుటకు శాస్త్రజ్ఞులు పట్టిన మార్గమును ఇదియే.

అణువిద్యుత్కేంద్రములలో వాడి తీసిన ఇంధనమును తరలించు ఉక్కు పీపాలు ఒక్కొక్కటి నూరు టన్నులకు పైబడి యుండవచ్చును. అంతర్జాతీయ నిబంధనల ప్రకారము ఇట్టి పీపా 9 మీటర్ల ఎత్తు నుండి ఏమాత్రము లొంగని నేలపై పడి, ఆపై 800 డిగ్రీల మంటలో అరగంట కాగిన పిమ్మటను, లోపలి కిరణములకు అడ్డుగోడగా నిలువవలెను. నేలను తాకునప్పుడు దాని వేగము సెకనుకు సుమారు 13 మీటర్లు. అది ఒక్క సెంటీమీటరులో ఆగినచో దానిపై సగటున దాని బరువునకు సుమారు 900 రెట్ల బలము పడును. 30 సెంటీమీటర్లలో ఆగినచో సుమారు 30 రెట్లే. తరగతిలో విద్యార్థులు స్వయముగా కట్టి చూడదగిన లెక్క యిది. బరువు మారలేదు, వేగము మారలేదు. మారినది ఆగుటకు దొరికిన దూరమే.

ఆ దూరము నిచ్చుటకే పీపా రెండు కొనలకు నలిగెడు టోపీలు తొడుగుదురు. వానిలో బాల్సా కొయ్యయు, తేనెపట్టు వలె గదులు గదులుగా కట్టిన అల్యూమినియపు రేకులును వాడుకలో నున్నవి. కాని కొయ్య కాలు స్వభావము గలది. దాని బలము నారపోకను బట్టి యుండును. తేనెపట్టు గదులు నిలువునకు గట్టివే గాని ప్రక్కలకు బలహీనములు. పీపా ఏ వైపున పడునో ముందుగా ఎవరెరుగుదురు? అన్ని దిక్కులకు ఇంచుమించు ఒకే బలము గల లోహపు నురుగుపై దృష్టి మరలుటకు ఇదియొక కారణము.

1948లో బెంజమిన్ సాస్నిక్ అల్యూమినియమును పాదరసపు ఆవిరితో పొంగించు పద్ధతికి అమెరికాలో పేటెంటు పొందెను. నేడు కరగిన అల్యూమినియమును కాల్షియముతో చిక్కబరచి, టైటానియం హైడ్రైడు పొడి కలుపుటయు ఒక పద్ధతి. వేడికి హైడ్రోజను వెలువడి లోహము పొంగును. చల్లారిన ముద్దలో పదింట తొమ్మిది పాళ్లు ఖాళీయే ఉండగలదు. అట్టి లోహము నీటిపై తేలును!

దానిని నొక్కినచో బుడగల గోడలు వరుసవెంట వరుసగా కూలును. ఎదురుబలము చాలమేరకు ఒకే తీరున నుండును. స్ప్రింగు పుచ్చుకొన్న శక్తిని తిరిగి విసరును. నురుగు తిరిగి ఇయ్యదు. మడతపడు గోడలలో అది వేడిగా మారిపోవును.

చిక్కు లేకపోలేదు. నురుగు మరీ మెత్తనిదైనచో బుడగలన్నియు ముందే అణగి, వట్టి లోహపు ముద్ద మిగిలి, బలము ఒక్కసారిగా పెరుగును. మరీ గట్టిదైనచో నలగక దెబ్బను లోపలికి పంపును. బుడగలు సమముగా లేకున్నను లెక్క తప్పును. ధరయు ఎక్కువ. అందుచేత పీపాల టోపీలలో కొయ్య నేటికిని నిలిచియే యున్నది.