భయపెట్టే చోటును మెదడు ఎలా గుర్తిస్తుంది?
నేలకు ఎత్తుగా అమర్చిన ప్లస్ ఆకారపు వేదికపై రెండు దారులకు గోడలుంటాయి, రెండింటికి ఉండవు. గోడల్లేని దారిలోకి వెళ్తే చిట్టెలుక ఆందోళన చెందుతుంది. అప్పుడు దాని మెదడులో ఏం జరుగుతుందో అమెరికాలోని కొలంబియా, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయాల శాస్త్రవేత్తలు 2018లో వెల్లడించారు.

జ్ఞాపకశక్తికి కీలకమైన హిప్పోక్యాంపస్ కింది భాగంలో కొన్ని నాడీకణాలు ఆ సమయంలో చురుకవుతున్నట్లు, తలపై అమర్చిన అతిచిన్న సూక్ష్మదర్శినితో వారు గమనించారు. ఈ కణాలు హైపోథాలమస్‌కు సంకేతాలు పంపుతాయి. ముందుగా కాంతికి స్పందించేలా మార్చిన ఆ కణాల సంకేతాలను కాంతితోనే అణచివేయగా, ఎలుకల్లో బెరుకు తగ్గి గోడల్లేని దారుల్లో ఎక్కువసేపు తిరిగాయి.

మనుషుల్లోనూ ఇలాగే జరుగుతుందని దీన్నిబట్టి నిర్ధారించలేం. అయితే ఆందోళన రుగ్మతలకు మెరుగైన చికిత్సను అన్వేషించేవారికి ఇదొక స్పష్టమైన ఆధారం.