జోలె గుడ్డలోని విజ్ఞానం

నర్సింహులపేట ప్రాంతంలోని పల్లెలలోను, తండాలలోను పత్తి ఏరే రోజులు వచ్చినవంటే తెల్లవారేసరికే స్త్రీలు చేలకు బయలుదేరుతారు. వారిలో పసిబిడ్డల తల్లులు కూడ ఉంటారు. ఒక చేతిలో సద్దిమూట, ఇంకొక చేతిలో నీళ్ల సీసా ఉన్నప్పుడు బిడ్డను పట్టుకొనడానికి మూడవ చేయి కావాలి. ఆ మూడవ చేయి పాత చీర. దానిని భుజం మీదుగా వేసి, ముడివేసి, బిడ్డను చంకన గాని వీపున గాని నిలుపుకొంటే అది జోలె. చేను చేరిన తరువాత అదే చీర చెట్టుకొమ్మకు తొట్టెల అవుతుంది.

ఇంటిలో కొత్త చీరలున్నా పెద్దవారు జోలెకు పాత నూలుచీరనే వెదకి తీస్తారు. ఇది కేవలం పొదుపు అనిపించవచ్చును. కాని గుడ్డ నిర్మాణం తెలిసినవారికి ఇందులో చక్కని భౌతికశాస్త్రం కనిపిస్తుంది. ఇండ్లలో నూలుచీరలు తగ్గి పాలియెస్టరు చీరలు పెరిగిన ఈ కాలంలో ఆ శాస్త్రం తెలుసుకొనడం అవసరం కూడ. ఎందుచేతనంటే జోలెలో ఉన్నది కూరగాయల మూట కాదు, మెడ ఇంకా నిలవని పసిప్రాణం.

పడుగు, పేక, ఐమూల

మగ్గం మీద నిలువుగా సాగే పోగులు పడుగు. వాటికి అడ్డంగా నాడె నడిపే పోగులు పేక. ఒక పడుగు పోగు పైనుంచి, మరొకదాని క్రిందనుంచి పేక వరుసగా పోతే అది సాదా నేత. మన నూలుచీరలలో చాలవరకు ఈ నేతవే.

చేతిరుమాలును ఎదురెదురు అంచులు పట్టుకొని లాగి చూడండి. అది దాదాపు సాగదు. అప్పుడు బరువును మోస్తున్నవి తిన్నగా ఉన్న పోగులే. ఇప్పుడు ఎదురెదురు మూలలు పట్టుకొని ఐమూలగా లాగండి. గుడ్డ తేలికగా సాగి, మధ్యలో సన్నబడుతుంది. ఇక్కడ పోగులు సాగలేదు. పడుగు, పేకల మధ్యనున్న చిన్న చిన్న చతురస్రాలు వాలి సమచతుర్భుజాలైనవి. అంతే.

జోలెకు కావలసినది సరిగా ఈ రెండు గుణాల కలయిక. బిడ్డ బరువు పడే దిశలో గుడ్డ సాగక నిలవాలి. గుండ్రని వీపు, పిరుదులు ఉన్నచోట వాటి ఆకారానికి ఒదగాలి. నిలిపే పని పోగులు చేస్తే, ఒదిగే పని ఐమూల చేస్తుంది. బనియను గుడ్డ అల్లిక గుడ్డ. అన్ని దిక్కులకు సాగుతుంది. కనుకనే దానితో కట్టిన జోలె కొంతసేపటికి క్రిందికి జారి, బిడ్డ అందులో కూరుకొనిపోతుంది.

పేక పోగు ఒక్కొక్క పడుగును కాక రెండేసి పోగులను దాటుతూ, ప్రతి వరుసలోను ఒక్కొక్క పోగు ప్రక్కకు జరిగితే గుడ్డపై వాలుగీతలు ఏర్పడతవి. దీనిని ట్విల్ నేత అంటారు. డ్రిల్లు, జీన్సు గుడ్డలు ఈ రకానివే. ఇందులో పోగులు ఒకదానినొకటి అడ్డుకొనే చోట్లు తక్కువ కాబట్టి, అదే నూలుతో నేసిన సాదా గుడ్డకన్న ఇది మెత్తగా ఒదుగుతుంది. జర్మనీలో ఎరికా హాఫ్‌మన్ అనే తల్లి కవలపిల్లలను గుడ్డతో కట్టుకొని మోసి, 1972లో డిడిమోస్ అనే సంస్థను ప్రారంభించినది. గ్రీకు భాషలో ఆ మాటకు కవల అని అర్థం. ఈ సంస్థ బిడ్డలను మోయడానికి నేయించిన గుడ్డలలో వాలుగీతలు రెండువైపులకు మళ్లే అడ్డట్విల్ నేత ప్రసిద్ధమైనది. రెండు ఐమూలలకు సమానంగా ఒదగడం దాని ప్రత్యేకత.

పలుచని గుడ్డ, మూడు మడతలు

అటువంటి గుడ్డలు చదరపు మీటరుకు తరచు 200 గ్రాములకు పైగా తూగుతవి. మన చీర సంగతి లెక్కవేద్దాం. పొడవు 5.5 మీటర్లు, వెడల్పు 1.15 మీటరు, బరువు 500 గ్రాములు గల చీరను తీసుకొంటే, చదరపు మీటరుకు సుమారు 80 గ్రాములు వస్తుంది. ఇది ఒంటిపొరగా పలుచనిదే. మూడు పొరలు చేస్తే 240 గ్రాములవుతుంది.

ఒకే మందపు గుడ్డకన్న మూడు పలుచని పొరలకు ఒక మేలున్నది. ఘనమైన రేకు మందం మూడురెట్లయితే, దానిని వంచడానికి కావలసిన బలం 27 రెట్లవుతుంది. మూడు విడి రేకులను ఒకదానిపై ఒకటి పెట్టి వంచితే మూడురెట్లు మాత్రమే. పుస్తకంలోని కాగితాలు సులభంగా వంగుతవి. అదే మందం గల అట్ట వంగదు. గుడ్డ విషయంలో అంకెలు మారినా సూత్రం ఇదే. వరంగల్లు జంపఖానా ఎంత గట్టిదైనా జోలెకు పనికిరాదు. మడతపెట్టిన చీర పనికివస్తుంది.

తల్లి భుజం కూడ గుర్తుండవలసినదే. ఒత్తిడి అంటే బలాన్ని వైశాల్యంతో భాగించగా వచ్చేది. తాడువలె మెలిపెట్టిన కొంగు 3 సెంటీమీటర్ల వెడల్పున భుజంపై కూర్చుంటుంది. దానినే 15 సెంటీమీటర్లకు పరిస్తే అదే బరువుకు ఒత్తిడి ఐదవవంతుకు తగ్గుతుంది.

ముడి ఎందుకు నిలుస్తుంది?

స్తంభానికి రెండు చుట్లు చుట్టిన పలుపును చిన్నవాడు పట్టుకొన్నా ఎద్దును ఆపగలడు. చుట్టు పెరిగినకొద్దీ ఘర్షణ కూడికగా కాక గుణకారంగా పెరగడం దీనికి కారణం. ఘర్షణ గుణకం 0.3 అయితే, ఒక చివర ఒక కిలో పట్టు ఒక చుట్టుతో రెండవ చివర సుమారు 6.6 కిలోల లాగుడును, రెండు చుట్లతో 43 కిలోలను ఆపుతుంది. గుణకం 0.2కు తగ్గితే అవి 3.5, 12 కిలోలవుతవి. గుణకంలో కొద్ది తేడా ముడిలో పెద్ద తేడాగా మారుతుంది.

ముడిలో జరిగేది కూడ ఇదే. నూలుపోగు చిన్న చిన్న దూదిపీచుల పురి. ఉతికినకొద్దీ గంజి పోయి, పీచుల కొనలు పైకి లేచి, గుడ్డకు సన్నని నూగు వస్తుంది. నూగు నూగును పట్టుకొంటుంది. గంజి పెట్టిన కొత్తచీర బిరుసుగా ఉండి ముడి సరిగా బిగియదు. పాలియెస్టరు సంగతి వేరు. 1941లో ఇంగ్లండులో విన్‌ఫీల్డు, డిక్సను అనే రసాయనశాస్త్రజ్ఞులు కనుగొన్న ఈ పీచు నూలుకన్న బలమైనది. కాని చీరలలో వాడే పాలియెస్టరు పోగు సాధారణంగా ఎడతెగని నునుపైన తంతువులతో తయారవుతుంది. అందుచేత ఆ చీర తెగదు, జారుతుంది. జోలెకు తెగడం ఎంత ప్రమాదమో జారడం అంతే ప్రమాదం.

చెమట, ఎండ

పొడిగా ఆరిన 100 గ్రాముల నూలు సాధారణ గాలిలోని తేమను సుమారు 8 గ్రాములు పీల్చుకొంటుంది. ఉన్ని ఇంకా ఎక్కువగా, 16 గ్రాముల వరకు తీసుకొంటుంది. పాలియెస్టరు తీసుకొనేది అర గ్రాము కూడ ఉండదు. దాని పోగుల సందులలో చెమట పాకవచ్చును గాని పీచులోనికి ఇంకదు. తల్లి వీపుకు, బిడ్డ పొట్టకు మధ్య అది జిగటగా అంటుకొంటుంది. గొంగడి తేమను పీల్చి వెచ్చగా ఉంచినా, దాని ముతక ఉన్ని లేతచర్మాన్ని గీరుతుంది.

ఇక్కడ వేసవిలో గాలి వేడి 40 డిగ్రీలు దాటుతుంది. చర్మంకన్న గాలి వేడెక్కినప్పుడు శరీరం చల్లబడే మార్గం చెమట ఆవిరి కావడమొక్కటే. మూడు పొరల గుడ్డ, తల్లి దేహం, రెండును బిడ్డకు గాలి తగలనీయవు. కనుక ఏ గుడ్డయినా మండుటెండలో బిడ్డను జోలెలో ఎక్కువసేపు ఉంచరాదు.

గుడ్డ మంచిదైతే చాలదు

శిశువు తుంటికీలులోని గిన్నె చాలవరకు మృదులాస్థి. తొడలు విడివడి, మోకాళ్లు పిరుదులకన్న కొంచెం పైకి ఉన్నప్పుడు తొడ ఎముక తల గిన్నెలో కుదురుగా ఉంటుంది. కాళ్లు చాపి, దగ్గరకు చేర్చి బిగిస్తే జారే అవకాశమున్నది. జపానులో పూర్వం శిశువుల కాళ్లు చాపి చుట్టే అలవాటుండేది. 1975లో దానికి వ్యతిరేకంగా ప్రచారం జరిగిన పిమ్మట, నూటికి ఒకటికన్న ఎక్కువగా ఉండిన తుంటి స్థానభ్రంశం వెయ్యికి రెండుకన్న తక్కువకు దిగినది. చంకనెత్తుకొనే మన పద్ధతిలో కాళ్లు సహజంగానే విడివడి ఉంటవి. జోలె గుడ్డ ఒక మోకాలి మడత నుంచి రెండవ మోకాలి మడత వరకు పరుచుకొని ఉండాలి.

రెండవది శ్వాస. పసిబిడ్డ గడ్డం రొమ్మునకు ఆనుకొంటే మెత్తని శ్వాసనాళం నొక్కుకొనిపోతుంది. బిడ్డ ఏడవను కూడ లేదు. అమెరికాలో వినియోగవస్తువుల భద్రతాసంఘం 2010లో జోలెల గురించి హెచ్చరిక చేస్తూ, అంతకుముందటి 20 సంవత్సరాలలో 14 మరణాలను పేర్కొన్నది. వాటిలో 12 నాలుగు నెలలు నిండని శిశువులవి. ముఖం ఎల్లప్పుడు తల్లికి కనిపించాలి. గడ్డం క్రింద రెండు వ్రేళ్లు దూరాలి. ముక్కుపై కొంగు పడరాదు. మెడ నిలవని బిడ్డను ముందువైపు, నిటారుగానే కట్టుకోవాలి, వీపున కట్టరాదు.

ఇన్ని జాగ్రత్తలున్నవని జోలెను చిన్నచూపు చూడనక్కరలేదు. 1978లో కొలంబియాలోని బొగోటా నగరంలో ఎడ్గార్ రే అనే వైద్యుడు నెలలు నిండని శిశువులను తల్లి రొమ్మునకు ఆనించి ఉంచే పద్ధతిని ప్రారంభించినాడు. అందులో శిశువును నిలిపేది ఒక గుడ్డకట్టే. తక్కువ బరువుతో పుట్టిన శిశువులకు ఈ పద్ధతిని పుట్టిన వెంటనే ప్రారంభించవలెనని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2022లో సిఫారసు చేసినది.

బడిలో చేయదగిన పరీక్షలు

ఉపాధ్యాయులు మూడు గుడ్డలు తెప్పించవచ్చును: పాత నూలుచీర, గంజి పోని కొత్త నూలుచీర, పాలియెస్టరు చీర. ఒక్కొక్కదాని నుంచి పడుగు దిశలో, పేక దిశలో, ఐమూలగా మూడు సమానమైన పట్టీలు కత్తిరించి, అరకిలో బరువు వ్రేలాడదీసి సాగుదలను కొలవవచ్చును. పలకకు గుడ్డ చుట్టి, దానిపై అదే గుడ్డ చుట్టిన చెక్కముక్కను ఉంచి పలకను మెల్లగా వాల్చితే, ముక్క జారిన కోణపు టాంజెంటే ఘర్షణ గుణకం. ఒక నీటిబొట్టు వేసి అది ఇంకే కాలాన్ని గడియారంతో చూడవచ్చును.

చివరి పరీక్ష ఇంటిలో చేయవలసినది. పాతదనం హద్దుమీరితే నూలు మెత్తదనంతోపాటు బలాన్ని కూడ పోగొట్టుకొంటుంది. చీరను వెలుతురుకు ఎత్తిపట్టి పోగులు పలుచబడినచోట్లను, మడతల వద్ద చీలికలను చూడాలి. తరువాత జోలె కట్టి, అందులో పది కిలోల బియ్యపు మూట ఉంచి, నేలకు జానెడెత్తున నాలుగుసార్లు కుదిపి చూడాలి. ఆరు కిలోల బిడ్డకు పది కిలోలు ఎందుకంటే, తల్లి వంగినప్పుడు, గట్టు దిగినప్పుడు గుడ్డపై పడే లాగుడు బిడ్డ బరువును మించుతుంది. గుడ్డ చిరగక, ముడి జరగక ఉంటేనే ఆ చీర బిడ్డకు తగినది. చిరిగితే పోయేది బియ్యమే, వాటిని ఏరుకోవచ్చును.