అడవి మీది ఆకాశం ఎవరిది?

మీ మిత్రుడొకడు చిన్న డ్రోన్ కొన్నాడనుకోండి. బరువు 250 గ్రాములకు మించదు. నాలుగు ప్రొపెల్లర్లు, ముందు ఒక కెమెరా. నియమం ప్రకారం దాన్ని నమోదు కూడా చేయించాడు. సెలవుల్లో మీరిద్దరూ ఒక జాతీయ ఉద్యానవనానికి వెళ్లారు. చెరువు గట్టున జింకల మంద మేస్తోంది. మిత్రుడు సంచిలోంచి డ్రోన్ తీశాడు. మీరు సందేహిస్తుంటే ఇలా అన్నాడు: "ఇంత చిన్న డ్రోన్‌కు పైలట్ లైసెన్సు అక్కరలేదు. గగనతల పటంలో ఈ చోటు ఆకుపచ్చ రంగులో ఉంది. 120 మీటర్ల ఎత్తు దాటనివ్వను. పైగా ఆ జింకలను ముట్టుకోను కూడా. ఇంకేం అడ్డు?"

అతను చెప్పిన ప్రతి మాటా నిజమే. అయినా అతను డ్రోన్ ఎగరేయకూడదు. అదెలాగో తెలుసుకోవాలంటే ముందుగా ఈ సమస్యను మొదట ఎదుర్కొన్న దేశాలలో ఒకటైన అమెరికాకు వెళ్లాలి.

ఒక ఏడాదిలో జరిగిన ముచ్చట

2013 సెప్టెంబరులో మౌంట్ రష్‌మోర్ దగ్గర కూర్చున్న సందర్శకుల తలల మీదుగా ఒక డ్రోన్ ఎగిరింది. ఉద్యోగులు దాన్ని స్వాధీనం చేసుకున్నారు. 2014 ఏప్రిల్‌లో గ్రాండ్ కాన్యన్ వద్ద జనం నిశ్శబ్దంగా సూర్యాస్తమయాన్ని చూస్తుండగా మరో డ్రోన్ రొద చేస్తూ అటూ ఇటూ తిరిగి, చివరికి లోయలో కూలిపోయింది. అదే నెలలో జయాన్ జాతీయ ఉద్యానవనంలో ఒక డ్రోన్ బిగ్‌హార్న్ అనే పెద్ద కొమ్ముల అడవి గొర్రెల మందను బెదరగొట్టింది. తల్లులు ఒకవైపు, పిల్లలు ఒకవైపు చెదిరిపోయాయి.

దాంతో 2014 జూన్‌లో అమెరికా జాతీయ ఉద్యానవనాల సంస్థ అధిపతి జోనథన్ జార్విస్ ఒక ఉత్తర్వు జారీ చేశారు. ఉద్యానవనాలలో డ్రోన్లను ఎగరేయడం, దించడం, నడపడం నిషేధించాలని అధికారులను ఆదేశించారు. ఉల్లంఘించిన వారికి ఆరు నెలల వరకు జైలు, 5000 డాలర్ల వరకు జరిమానా.

ఉత్తర్వు వచ్చి రెండు నెలలైనా కాలేదు. ఆగస్టులో ఎల్లోస్టోన్ ఉద్యానవనంలోని గ్రాండ్ ప్రిస్మాటిక్ అనే వేడినీటి బుగ్గలో ఒక విదేశీ పర్యాటకుని డ్రోన్ పడిపోయింది. ఆ బుగ్గ వెడల్పు సుమారు 110 మీటర్లు. లోతు 37 మీటర్ల దాకా ఉంటుంది. నీటి వేడి సుమారు 70 డిగ్రీల సెల్సియస్. అంచుల్లో కనిపించే పసుపు, నారింజ రంగులు వేడిని తట్టుకునే సూక్ష్మజీవులవి. అలాంటి చోట పడిన ప్లాస్టిక్కును, బ్యాటరీని ఎవరు దిగి తీస్తారు? ఆ పర్యాటకుడు జరిమానా, నష్టపరిహారం కలిపి 3000 డాలర్లకు పైగా చెల్లించవలసి వచ్చింది.

ఆకాశం ఒకరిది, నేల ఒకరిది

ఇక్కడ ఒక చిక్కు ఉంది. అమెరికాలో గగనతలం మీద అధికారం విమానయాన సంస్థది. ఉద్యానవనాల సంస్థకు నేల మీద, నీటి మీద మాత్రమే అధికారం. మరి తనది కాని ఆకాశంలో ఎగరడాన్ని అది ఎలా ఆపగలిగింది?

ఉత్తర్వులోని మాటలను మరోసారి చూడండి. నిషేధం ఆకాశం మీద కాదు. ఉద్యానవనం నేల మీద నిలబడి డ్రోన్‌ను ఎగరేయడం, అక్కడ దించడం, అక్కడ నుంచి నడపడం మీద. పక్షి ఎక్కడున్నదని కాక, దారం పట్టుకున్న చేయి ఎక్కడున్నదని చట్టం అడుగుతోందన్నమాట. డ్రోన్ తనంతట తాను రాదు. దాని వెనుక ఎక్కడో ఒక మనిషి నిలబడి ఉంటాడు. ఆ మనిషి నిలబడిన నేలకు సొంత నియమాలుంటాయి.

కాబట్టి విమానయాన శాఖ అనుమతి వేరు, ఉద్యానవనం అనుమతి వేరు. మొదటిది మరో విమానానికి, కింద ఉన్న జనానికి ప్రమాదం లేకుండా చూడటానికి. రెండవది అడవికి, అందులోని ప్రాణులకు హాని లేకుండా చూడటానికి. ఒకటి ఉన్నంత మాత్రాన రెండవది ఉన్నట్లు కాదు.

తుమ్మెదల రొద ఎక్కడిది?

"ముట్టుకోకుండా ఎగరేస్తే హాని ఏమిటి?" అన్నది మీ మిత్రుని చివరి వాదన. దీనికి జవాబు భౌతికశాస్త్రంతో మొదలవుతుంది.

ఒక ప్రొపెల్లర్ నిమిషానికి 6000 సార్లు తిరుగుతోందనుకుందాం. అంటే సెకనుకు 100 సార్లు. దానికి రెండు రెక్కలుంటే గాలిని సెకనుకు 200 సార్లు కొడుతుంది. కాబట్టి 200 హెర్ట్‌జుల ప్రాథమిక పౌనఃపున్యం గల ధ్వని పుడుతుంది. దానితోపాటు 400, 600, 800 ఇలా అనుస్వరాలు కూడా. నాలుగు ప్రొపెల్లర్ల వేగాలు సమతూకం కోసం క్షణక్షణం మారుతుంటాయి. అందుకే మన చెవికి అది తుమ్మెదల గుంపు రొదలా వినిపిస్తుంది. చాలా పక్షులకు బాగా వినిపించే ధ్వనులు సుమారు 1000 నుంచి 4000 హెర్ట్‌జుల మధ్య ఉంటాయి. డ్రోన్ అనుస్వరాలు ఆ పరిధిలోకీ చేరుతాయి.

ఇంకో సంగతి. దూరం సగమైతే ధ్వని తీవ్రత నాలుగు రెట్లవుతుంది. మంచి బొమ్మ కోసం డ్రోన్‌ను 40 మీటర్ల నుంచి 10 మీటర్లకు దించితే కింద ఉన్న జంతువుకు చేరే తీవ్రత 16 రెట్లు పెరుగుతుంది. చూడాలన్న ఆశ ఎక్కువయ్యేకొద్దీ భయపెట్టే శబ్దమూ ఎక్కువవుతుంది.

కంటికి కనిపించని పరుగు

2015లో ఫ్రాన్స్ శాస్త్రజ్ఞులు మూడు రకాల నీటిపక్షుల దగ్గరికి 204 సార్లు డ్రోన్‌ను పంపి చూశారు. వాటిలో మన పులికాట్ సరస్సుకు వచ్చే జాతి ఫ్లెమింగోలు కూడా ఉన్నాయి. నూటికి 80 సందర్భాలలో డ్రోన్ 4 మీటర్ల దాకా వెళ్లినా పక్షులలో మార్పేమీ కనిపించలేదు. డ్రోన్ రంగు, వేగం పెద్దగా తేడా చూపలేదు. కాని నిట్టనిలువుగా పైనుంచి దిగినప్పుడు పక్షులు ఎక్కువగా బెదిరాయి. గద్ద కూడా పైనుంచే దిగుతుంది కదా! పక్షులకు 100 మీటర్లకు మించిన దూరం నుంచే డ్రోన్‌ను పైకి లేపాలని వారు సూచించారు.

"అయితే నూటికి 80 వంతులు ప్రమాదం లేనట్లేగా?" అని మీరనవచ్చు. తొందరపడకండి. అదే సంవత్సరం అమెరికాలోని మిన్నెసోటాలో మరో పరిశోధన జరిగింది. అక్కడి శాస్త్రజ్ఞులు నల్ల ఎలుగుబంట్ల మెడకు స్థానాన్ని తెలిపే పట్టీలు కట్టారు. గుండె కొట్టుకునే వేగాన్ని నమోదు చేసే చిన్న పరికరాలను శరీరంలో అమర్చారు. తర్వాత వాటి మీదుగా 18 సార్లు డ్రోన్‌ను ఎగరేశారు.

ఎలుగుబంట్లు చాలావరకు పారిపోలేదు. దూరం నుంచి చూసేవారికి అవి నిబ్బరంగానే ఉన్నాయి. కాని పరికరాలు వేరే కథ చెప్పాయి. ప్రతి ఎలుగుబంటి గుండె వేగమూ పెరిగింది. ఒక సందర్భంలో అది మామూలు కంటే నిమిషానికి 123 సార్లు ఎక్కువగా కొట్టుకుంది. గుహలో శీతాకాల నిద్రకు చేరిన ఎలుగుబంటి గుండె కూడా అదిరింది.

దీని అర్థమేమిటి? కదలని జంతువు భయపడలేదని మనం అనుకోరాదు. పరీక్ష హాలులో కదలకుండా కూర్చున్న విద్యార్థి గుండె ఎంత వేగంగా కొట్టుకుంటుందో మీకు తెలియనిదా? అడవి జంతువుకు ఆ శక్తి మేత నుంచి రావాలి. ఒక్క డ్రోన్ వల్ల అది చచ్చిపోదు. కాని ఎల్లోస్టోన్ ఉద్యానవనానికి చాలా సంవత్సరాలలో 40 లక్షల మందికి పైగా సందర్శకులు వచ్చారు. వారిలో వెయ్యి మందికి ఒకరు డ్రోన్ ఎగరేసినా అవి 4000 అవుతాయి. నియమం ఒక్క మనిషిని చూసి పెట్టేది కాదు, అందరినీ కలిపి లెక్కవేసి పెట్టేది.

ఒక్క డ్రోన్ చాలిన సందర్భమూ ఉంది. 2021 మే నెలలో కాలిఫోర్నియాలోని బోల్సా చికా రక్షిత ప్రాంతంలో ఒక డ్రోన్ ఎలిగెంట్ టెర్న్ అనే నీటిపక్షులు గుడ్లు పెట్టిన ఇసుక దిబ్బ మీద కూలింది. అక్కడ డ్రోన్లు నిషిద్ధం. ఏదో శత్రువు దాడి చేసిందని బెదిరి వేలాది పక్షులు లేచిపోయాయి. సుమారు 1500 గుడ్లు పొదిగే దిక్కులేక మిగిలిపోయాయి.

మన దేశంలో ఎలా?

మన దగ్గరా రెండు అనుమతుల సూత్రమే. 2021 ఆగస్టు 25న వెలువడిన డ్రోన్ నియమాలు ఆకాశాన్ని మూడు రంగులుగా విభజించాయి. ఎరుపులో ఎగరేయాలంటే కేంద్ర ప్రభుత్వ అనుమతి, పసుపులో విమాన రాకపోకల నియంత్రణాధికారి అనుమతి కావాలి. ఆకుపచ్చలో 120 మీటర్ల వరకు అనుమతి అక్కరలేదు. ఇది ఆకాశం మాట.

నేల మాట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఉంది. ఆ చట్టం పుట్టినప్పుడు ఇలాంటి బొమ్మ డ్రోన్లు లేవు. అయినా దాని సూత్రాలు వీటికీ సరిపోతాయి. 27వ సెక్షన్ ప్రకారం అభయారణ్యంలోకి అనుమతి లేకుండా పర్యాటకులు ప్రవేశించరాదు. వన్యప్రాణులను ఆటపట్టించరాదు, వేధించరాదు. ఫొటోలు తీయడం, పరిశోధన, పర్యటన వంటి పనులకు అనుమతి ఇచ్చే అధికారం 28వ సెక్షన్ కింద రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారిది. 35వ సెక్షన్ ఈ నిబంధనలను జాతీయ ఉద్యానవనాలకూ వర్తింపజేసింది. 2022 సవరణ తర్వాత, చట్టాన్ని ఉల్లంఘిస్తే సాధారణంగా మూడేళ్ల వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. గేటు దగ్గర మీరు కొన్న టికెట్టు చూసి రావడానికి ఇచ్చిన అనుమతే. డ్రోన్ ఎగరేయడానికి ఇచ్చినది కాదు.

జాతీయ ఉద్యానవనం అంటే ఎక్కడో దట్టమైన అడవే అనుకోకండి. హైదరాబాదు పరిసరాలలోనే మూడున్నాయి: కాసు బ్రహ్మానందరెడ్డి, మహావీర్ హరిణ వనస్థలి, మృగవని. మేడ మీద నిలబడితే కనిపించే చెట్ల గుంపు కూడా చట్టం దృష్టిలో జాతీయ ఉద్యానవనం కావచ్చు.

అయితే డ్రోన్ అడవికి శత్రువా?

కాదు. 2013లోనే అస్సాంలోని కాజీరంగాలో వేటగాళ్లపై నిఘాకు డ్రోన్లను పరీక్షించారు. అమెరికాలో కూడా శాస్త్ర పరిశోధనకు, తప్పిపోయిన వారిని వెతకడానికి, మంటలు ఆర్పడానికి అనుమతితో వాడుతున్నారు. అక్కడ ఎగరేసేవారు ఏ కాలంలో, ఎంత ఎత్తులో, ఎంతసేపు అని ముందే లెక్క వేసుకుంటారు. మిన్నెసోటా శాస్త్రజ్ఞులు సైతం తమ ఫలితాలను చూసి, పరిశోధన కోసం ఎగరేసే డ్రోన్లకు కూడా జాగ్రత్తలు కావాలన్నారు.

ఇక మీ మిత్రుని దగ్గరకు వద్దాం. అతను చూసిన పటం తప్పు కాదు. అది ఆకాశం పటం మాత్రమే. ఈసారి బయలుదేరే ముందు రెండు ప్రశ్నలు వేసుకోమనండి: పైన ఉన్న గాలి ఎవరి అధీనంలో ఉంది? నేను నిలబడే నేల ఎవరి అధీనంలో ఉంది? రెండింటికీ "సరే" అన్న జవాబు వస్తేనే ఎగరేయాలి. ప్రస్తుతానికి డ్రోన్‌ను సంచిలో పెట్టి, ఒక బైనాక్యులర్ తీయమనండి. చెరువు గట్టున జింకలు ఇంకా మేస్తూనే ఉంటాయి.